పటంలో లేని గుంపు

నేను పటాలు గీసే మనిషిని. ఖమ్మంలో ఒక చిన్న ఆఫీసులో, గాజుబల్ల మీద వాగులు, కుంటలు, ఊరి దారులు గీసి, రంగులు వేసి, కింద గుర్తుల పట్టిక రాసివ్వడం నా పని. పదకొండేళ్లలో ఎన్ని ఊళ్లు నా పెన్ను కింద నుంచి పోయాయో గాని, వాటిలో నేను కాలు పెట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పుట్టింది తెనాలి దగ్గర, కాలవ గట్టున. నీళ్లంటే లాకులెత్తితే వచ్చేవి, దించితే ఆగేవి అని నమ్మే ఊరు మాది. అలాంటిదాన్ని, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, రోహిణికార్తె ఎండల్లో, ఐదు రోజుల పాటు ఒక ఎండిన వాగు వెంట అడవిలోకి వెళ్లొచ్చాను. వచ్చాక అడిగినవాళ్లకు తలా ఒక ముక్క చెబుతూ వచ్చాను. మొత్తం చెప్పడం ఇదే మొదలు.

పని ఇది. పులివాగు అడవిలో బూరుగుగుంపు అనే కోయ ఊరిని ఒరుసుకుంటూ దిగి, ఏజెన్సీ హద్దు దాటి, కొత్తపాలెం చేలలోకి వస్తుంది. కొత్తపాలెంలో ఎక్కువమంది రెండు తరాల కింద కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు. అంతవరకూ పైవాళ్ల పని పైవాళ్లది, కిందివాళ్ల పని కిందివాళ్లది. ఈసారి మాత్రం రెండు ఊళ్లూ కలిసి కూర్చుని వాగు మొత్తానికీ ఒకే ప్రణాళిక వేసుకోవాలి, ఇద్దరి తీర్మానం ఉంటేనే నీటి పనులకు డబ్బిస్తామని ప్రభుత్వం వాళ్లు అన్నారు. తొలకరి లోపు తీర్మానం రాకపోతే ఆ పని ఇంకో వాగుకు వెళ్లిపోతుంది. ఊరి పటం ఊరివాళ్లే నేల మీద గీస్తారని, దాన్ని కాగితం మీదికి ఎక్కించడానికి నన్ను రమ్మని మండలం ఇంజనీరు రాజేశం గారు అడిగారు. నేను సరేనన్నాను.

ఏన్కూరు

జీపు ఏన్కూరులో టీ కోసం ఆగింది. రాజేశం గారికి నలభై అయిదేళ్లుంటాయి. పొద్దున్నే మడత నలగని చొక్కా వేసుకుని, దేవుడికి దణ్ణం పెట్టకుండా బయల్దేరే మనిషి. ఆ సంగతి ఆయనే గర్వంగా చెప్పారు. డ్రైవర్ యాకూబ్‌ది పినపాక. దారిలో మాట్లాడినంతసేపూ తన ఊరి గురించే మాట్లాడాడు.

టీకొట్టు ముసలాయన మా జీపు వెనకాల మూడుకాళ్ల స్టాండూ, నేల వాలు కొలిచే లెవెల్ మిషన్ పెట్టె చూసి ఎటు పోతున్నారని అడిగాడు. పులివాగు అని చెప్పాం.

"పోండ్రి. గని మిట్టమధ్యాహ్నం ఆడ కూసోకుండ్రి" అన్నాడు గ్లాసులు కడుగుతూ.

"మధ్యాహ్నం ఏంది తాతా? జనం రాత్రికి భయపడ్తరు గాని" అని నవ్వారు రాజేశం గారు.

"రాత్రి ఏమున్నది సార్? రాత్రి ఆళ్లు గూడ పండుకుంటరు."

ఆళ్లంటే ఎవరని నేను అడిగేలోపు బస్సొచ్చింది, ఆయన బేరంలో పడిపోయాడు. యాకూబ్ టీ సగంలో వదిలేసి బండి స్టార్ట్ చేశాడు.

కొత్తపాలెం

కొత్తపాలెం సర్పంచి సుబ్బారావు గారి ఇంట్లో మాకు బస. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, ఎండకు ఎండిన తాడులా ఉంటాడు. ఆయన భార్య అనసూయమ్మ గారు గడపలో కాళ్లకు నీళ్లిచ్చారు. చెంబుకు సగమే. మా వైపు కాళ్లకు నీళ్లంటే బిందె పక్కన పెట్టి ఇష్టమొచ్చినన్ని పోసుకోమంటారు. ఆ సగం చెంబుతో ముగ్గురం కాళ్లు తడుపుకున్నాం. ఆవిడ తల వంచుకుని, "మీరు ఏమీ అనుకోకండమ్మా, ఇదివరకు ఇలా ఉండేది కాదు" అన్నారు.

భోజనంలో గోంగూర పచ్చడి, ఉలవచారు, మీగడ పెరుగు. తిండికి లోటు చేయలేదు. మంచినీళ్ల గ్లాసు మాత్రం ఎవరిదీ రెండోసారి నింపలేదు, ఎవరమూ అడగలేదు.

ఎండ తగ్గాక సుబ్బారావు గారు మమ్మల్ని చేలోకి తీసుకెళ్లారు. మిరప మోళ్లు కట్టెల్లా నిలబడి ఉన్నాయి. మధ్యలో అక్కడక్కడా బోరు గొట్టాలు, మూతగా ఒక్కోదాని మీద ఒక్కో రాయి.

"ఏడు వేశానండీ. ఏడింటికీ మూతలే" అంటూ ఒక రాయి పక్కకు జరిపి, నా చేతిలో ఒక గులకరాయి పెట్టారు. "వెయ్యమ్మా."

వేశాను. ముగ్గురం వంగి విన్నాం. గొట్టం అంచుకు రెండుసార్లు తగిలిన చప్పుడు వచ్చింది. తర్వాత ఏమీ లేదు. అడుగున పడ్డ చప్పుడు రాలేదు. ఇంకాసేపు చూశాం. రాలేదు. సుబ్బారావు గారు మళ్లీ రాయి మూసి, చేతులు దులుపుకున్నారు.

"పైన రెండు గట్లూ దగ్గరికొచ్చే చోటొకటుందండీ. దేవుడు ఆనకట్ట కోసమే చేసిపెట్టినట్టుంటుంది. అక్కడ ఒక్క కట్ట పడితే మా ఊరూ బతుకుతుంది, వాళ్ల ఊరూ బతుకుతుంది. వాళ్లు వద్దంటున్నారు. ఎందుకు వద్దో చెప్పరు. మీరైనా అడగండి. ఈ ఏడూ నీళ్లు లేకపోతే మేం మళ్లీ మూటలు కట్టుకోవాలి. ఈ వయసులో ఎక్కడికని?"

బూరుగుగుంపు

మర్నాడు పొద్దున హద్దురాయి దాటాం. అక్కడితో తారురోడ్డు అయిపోయింది. దారికి రెండు వైపులా వెదురు, టేకు చెట్లు. ఆకులన్నీ రాలి అడవి ఎముకల్లా ఉంది. ఒక చోట ఆగి చూస్తే గాలి లేదు, కాకి లేదు. మా జీపు ఇంజను చప్పుడు కూడా మా దగ్గర్నుంచి కాక ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది.

కోయవాళ్లు పల్లెను గుంపంటారు. బూరుగుగుంపులో ఇళ్లు దూరం దూరంగా ఉన్నాయి. వెదురు తడికెలకు మట్టి మెత్తి, కింద ఎర్రమన్ను అంచు దిద్దారు. వాకిళ్లు అద్దంలా ఊడ్చి ఉన్నాయి. ఊరిపెద్ద లచ్చయ్య పటేలు మమ్మల్ని మామిడిచెట్టు కింద మంచం మీద కూర్చోబెట్టాడు. సొరబుర్రలో జొన్న అంబలి తెచ్చారు, ఆకులో వేయించిన ఇప్పపువ్వు. ఇప్పపువ్వు ఎండుద్రాక్షలా తియ్యగా, చివర్లో కాస్త పొగవాసనతో ఉంటుంది. నేను రెండు గుప్పిళ్లు తిన్నాను.

తాగేముందు ప్రతివాళ్లూ అంబలి రెండు చుక్కలు నేల మీద వంచుతున్నారు. మా ఇళ్లలో పోయినవాళ్లకు ఏడాదికొకసారి తద్దినం పెట్టి కాకిని పిలుస్తాం. ఇక్కడ రోజూ, ప్రతి గుటకకు ముందూ. నేనూ వంచాను. పక్కన కూర్చున్న ముసలావిడ చూసి, "ఇగో, ఈమెకు తెలుసు" అంది.

ఆవిడ ముత్తమ్మ. ఊరికంతా అవ్వ. పుట్టిల్లు దుమ్ముగూడెం దగ్గర, గోదావరి ఒడ్డు. పెళ్లై ఈ ఊరొచ్చిందట. వయసెంతో ఆవిడకు తెలియదు. కళ్లు మాత్రం పావురాయి కళ్లలా మెరుస్తున్నాయి.

పటం గీయడం మొదలైంది. ముగ్గుపిండితో వాగు, బొగ్గుపొడితో అడవి, ఇటుకపొడితో చేలు, చింతగింజలతో ఇళ్లు. మొదట మగవాళ్లు గీశారు. వాగు వంపు తప్పు గీశారని ముత్తమ్మవ్వ చెరిపేసి, తానే చీర దోపుకుని దిగింది. ఇళ్లు పెట్టింది. మా జాబితాలో ముప్పై ఒకటి. ముప్పై ఒక్క గింజలూ అయిపోయాయి. ఆవిడ ఆగలేదు. వాగు దాటి అవతలి ఒడ్డుకు జరిగి, గట్లు దగ్గరికొచ్చే చోట, సుబ్బారావు గారు చెప్పిన ఆ చోటే, గుప్పిట్లోంచి ఒక్కో గింజా తీసి వరసలుగా పెట్టసాగింది. నేను నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

"అవ్వా, ఆడ ఇండ్లు లేవు గదా?" అన్నారు రాజేశం గారు.

"ఉన్నయ్."

"ఎవలుంటరు?"

"మావోళ్లే."

ఆయన జాబితా తిరగేశారు. "కూలికి గిట్ల పోయిన్రా? పేర్లు లేవు ఇందుల."

"యాడికీ పోరు బిడ్డా. ఇగ పోయేది లేదు."

చుట్టూ ఉన్నవాళ్లెవరూ నవ్వలేదు. లచ్చయ్య పటేలు గొంతు తగ్గించి, "పోయినోళ్లు సార్. మా పెద్దోళ్లు. ఆ గుంపు గూడ ఊర్లెనే లెక్క. ఆళ్లకు గూడ వాగు కావాలె. మునిగిపోవద్దు, ఎండిపోవద్దు. కట్ట ఆడ వద్దన్నది గందుకే" అన్నాడు.

"మరి కొత్తపాలెం వాళ్లకు చెప్పలేదెందుకు?" అని నేనడిగాను.

"అడిగిండ్రు. ఎందుకు వద్దో చెప్పు అన్నరు. చెప్తే నవ్వుతరు. నవ్విండ్రనుకో, ఆడున్నోళ్లు వింటరు."

అవతలి ఒడ్డు

మూడో రోజు రాజేశం గారు మొండికేశారు. కట్ట అక్కడ కట్టినా కట్టకపోయినా కొలతలు తీసుకోవడం తన డ్యూటీ అన్నారు. యాకూబ్ జీపు దగ్గరే ఉంటానన్నాడు. లచ్చయ్య వద్దనలేదు, రానూ లేదు. ముత్తమ్మవ్వ ఒక్కతే కర్ర పట్టుకుని మా వెనక నడిచింది. దారి చూసుకుని చేరేసరికి సూర్యుడు నడినెత్తికొచ్చాడు.

వాగు ఇసుక దాటి గట్టెక్కగానే అవ్వ ఆగింది. నేను చెప్పులు విడిచాను. రాజేశం గారు బూట్లతోనే వెళ్లారు.

నేను ఊహించింది శ్మశానం. కాదు. అది ఊరే. నాలుగు పక్కలా నాలుగు బండపలకలు నిలబెట్టి, పైన మంచమంత వెడల్పు బండ కప్పిన గూళ్లు. ఒక్కోదాని చుట్టూ రాళ్ల వలయం, ప్రహరీలా. వరసల మధ్య వీధులు. కొన్ని గూళ్లకు ముందువైపు మనిషి తల పట్టేంత గుండ్రటి కంత. కింది ఊళ్లవాళ్లు రాకాసి గూళ్లంటారట. ఎన్ని వందల ఏళ్లవో ఎవరికీ తెలియదు. వాటి పక్కన ఈ మధ్యవి, మోకాలెత్తు నిలువురాళ్లు. వాటికి దినాలనాడు కట్టిన ఆవుతోకలు ఎండి తాళ్లలా వేలాడుతున్నాయి. ప్రతి కంత ముందూ చిన్న ముంత. వీధులు ఊడ్చి ఉన్నాయి. అడవి నిండా అరచేతి మందాన ఎండుటాకులుంటే అక్కడ ఒక్క ఆకు లేదు.

"ఎవరు ఊడుస్తారవ్వా?" అన్నాను.

అవ్వ నా వైపు వింతగా చూసింది. "ఎవలి వాకిలి ఆళ్లే."

రాజేశం గారు మిషన్ నిలబెట్టి, వాగు వాలు కొలిచి నా చేత రాయించారు. తర్వాత గూళ్ల వైపు తిప్పి, అద్దంలోంచి నన్ను చూడమన్నారు. ఆ పాతరకం లెవెల్‌లో బొమ్మ తలకిందులుగా కనపడుతుంది. నాకది కొత్త కాదు. కన్ను పెట్టాను. గూళ్లన్నీ ఆకాశం నుంచి కిందికి వేలాడుతున్నాయి. వాటి కంతలన్నీ మా వైపే తిరిగి ఉన్నాయి. కన్ను తీసి మామూలుగా చూస్తే అవి తలో దిక్కుకూ ఉన్నాయి. మళ్లీ కన్ను పెట్టలేదు.

అప్పుడు వినపడింది. మొదట చెవిలో రక్తం చప్పుడనుకున్నాను. కాదు. మా ఊరి లాకుల దగ్గర నీళ్లు దూకే హోరు. తలుపు సగం ఎత్తినప్పుడు వచ్చే బొంగురు గొంతు, మధ్యలో ఇనపగొలుసు రాసుకునే కిర్రు. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటూ నిద్రపోయినదాన్ని, పొరపాటు పడను. నా పాదాల కింద నుంచి వస్తోంది. చుట్టూ చూస్తే వాగంతా తెల్లటి ఇసుక. తడి అన్నది లేదు.

"రాజేశం గారూ, మీకేమైనా..."

ఆయన కొలతలు గీసిన స్టాఫ్ కర్ర పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నారు. ముఖంలో రంగు లేదు. "రాయి గుర్తు పెట్టొస్త" అని, నా మాట వినకుండా, రెండు గూళ్ల మధ్య నుంచి వడివడిగా నడిచారు. నాలుగో అడుగులో నేల ఆయన్ని మింగింది. తొడ దాకా ఒక కాలు లోపలికి దిగబడిపోయింది.

అరవలేదాయన. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నోరు తెరుచుకుని, ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు తల వంచి కూర్చుండిపోయారు. నేనూ, అవ్వా చెరో చెయ్యీ పట్టి లాగాం. అవ్వ కోయభాషలో నేల వైపు ఏదో చెబుతోంది. కోపంగా కాదు, ఇంటికొచ్చిన చుట్టం చిన్నపిల్లాడు అల్లరి చేశాడు, మన్నించమని చెప్పే గొంతు అది. కాలు వచ్చింది. బూటు రాలేదు.

కాలు దిగబడిన ఆ కంతలోకి టార్చి వేసి చూశాను. లోపల ఒక గది. నాలుగు పలకలు, శుభ్రమైన మట్టి నేల. ఖాళీగా ఉంది. బూటు లేదు. చెయ్యి చాచితే అడుగు అందేంత లోతే. మూలమూలకూ వెలుతురు తిప్పాను. లేదు.

కాసేపటికి రాజేశం గారు మెల్లగా అన్నారు. "కింద సల్లగున్నది మేడం. గాలి ఆడ్తున్నది."

వాగు దాటి ఇవతలికొచ్చాక గాని నేను అవ్వను అడగలేదు. ఆవిడ కర్ర ఆనుకుని కూర్చుంది. "నీకేం సప్పుడు ఇనవడ్డది?"

చెప్పాను. లాకులంటే ఏమిటో కూడా చెప్పాల్సి వచ్చింది.

"నేను లగ్గమై వచ్చినప్పుడు ఈడ నిలబెట్టిండ్రు. నాకు గోదారి ఇనవడ్డది. మా ఊరి రేవు కాడ పడవ ఒడ్డుకు తగిలే సప్పుడు గూడ. ఎవలకు ఆళ్ల నీళ్లే ఇనవడ్తయ్ బిడ్డా. నువ్వు ఏ నీళ్ల మనిషివని ఆళ్లు అడుగుతరు, గంతే. కీడేం లేదు. జవాబు చెప్పకుండ ఉరికితేనే కాలు వట్టి గుంజుతరు."

బోలు రాళ్ల మీద గాలి తగిలితే అలాంటి చప్పుళ్లు వస్తాయని తర్వాత ఒక సైన్సు మాస్టారు నాకు చెప్పారు. అయ్యుండొచ్చు. ఆ రోజు గాలి లేదు.

రాజేశం గారు ఏం విన్నారో అడిగాను. ఒంటి బూటు విప్పి చేత పట్టుకుని ఊళ్లోకి నడుస్తూ, "మా నాయన బాయి కాడ మోట కొడ్తుండు" అన్నారు.

మామిడిచెట్టు కింద

నాలుగో రోజు రెండు ఊళ్ల సభ. సుబ్బారావు గారు పదిమంది రైతులతో ట్రాక్టర్ మీద వచ్చారు. మంచాలు చాలక వాళ్లు చాపల మీద కూర్చున్నారు. కోయవాళ్లు ఎదురుగా నేల మీద. మధ్యలో ముగ్గుపిండి వాగు.

రాజేశం గారు లేచి, కట్ట గట్ల దగ్గర కుదరదు అన్నారు. నేల కింద బోలు ఉంది, నీళ్లు నిలవవు, కట్టిన ఏడాదే కుంగిపోతుంది అని చెప్పారు. దానికి బదులు లచ్చయ్య వాళ్లు పొద్దున చూపించిన చోట, పైన రెండు మలుపుల దగ్గర, రెండు చిన్న అడ్డుకట్టలు వేద్దామన్నారు. అక్కడ జానెడు ఇసుక తీస్తే చెమ్మ తగిలింది. నీళ్లు ఆగి నేలలోకి ఇంకి, కింద కొత్తపాలెం బావుల్లో తేలతాయి.

"తేలతాయంటే కనపడవుగా?" అన్నారు సుబ్బారావు గారు. "నేను మా ఊరివాళ్లకు ఏం చూపించాలండీ? పెద్ద కట్ట అని చెప్పి తీసుకొచ్చాను. కనపడని నీళ్ల మీద సంతకం పెట్టమంటారా?"

"కనవడని నీళ్లే ఎక్కువ రోజులుంటయి సార్" అన్నాడు లచ్చయ్య.

"నువ్వు చెబుతావయ్యా! అసలు కారణం అది కాదుగా. ఆ రాళ్ల కోసం బతికున్న రెండు ఊళ్లను ఎండబెడతారా?"

గాలి బిగుసుకుపోయింది. అవతల ఒకతను లేచి నిలబడ్డాడు, ఇవతల ముగ్గురు. రాజేశం గారు రెండు చేతులూ చాచి ఏదో అనబోయారు. అంతలో ముత్తమ్మవ్వ సుబ్బారావు గారి ముందుకొచ్చి కూర్చుంది.

"అయ్యా, నవ్వకుండ ఒక్కసారి పోయి నిలబడి రా. వచ్చినంక నువ్వు యాడ కట్టమంటే ఆడనే కట్టుకో. మేం అడ్డం రాం."

లచ్చయ్య ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశాడు. ఆ మాట వెనక్కి తీసుకోలేరని నాకూ అర్థమైంది. సుబ్బారావు గారు కండువా తలకు చుట్టుకుని ఒక్కరే వెళ్లారు. ఎండ చిటచిటలాడుతోంది. మేమంతా అలాగే కూర్చున్నాం. లచ్చయ్య పెదవులు మాత్రం కదులుతున్నాయి. గంట దాటి ఉంటుంది. మా ఊరి రైతు ఒకాయన చూసొస్తానని లేవబోయాడు, అవ్వ వద్దంది. మా ఊరి అన్నాను చూశారా, అప్పటికే యాస విని కొత్తపాలెం వాళ్లను మావాళ్లే అనుకోవడం మొదలుపెట్టాను.

సుబ్బారావు గారు వచ్చారు. చెప్పులు చేతిలో ఉన్నాయి. నీళ్ల ముంత అందుకుని, రెండు చుక్కలు నేల మీద వంచి, తర్వాత తాగారు. అలా వంచమని ఆయనకెవరూ చెప్పలేదు.

"మా అమ్మ బావిలో చేద వేస్తోందండీ" అన్నారు, ఎవరినీ చూడకుండా. "గిలక చప్పుడు. ఆ గిలక ఒక పక్క అరిగిపోయి ఉండేది. తిరిగిన ప్రతిసారీ ఒకచోట టక్కుమనేది. ఆ టక్కు కూడా..." కండువా విప్పి ముఖం తుడుచుకున్నారు. "పైన ఆ రెండు చోట్లే కానివ్వండి" అన్నారు.

అయితే అక్కడితో తేలలేదు. పై అడ్డుకట్ట పడితే లచ్చయ్య జొన్నచేను మునుగుతుంది. ఇల్లంతా ఏడాది తినేది ఆ చేను మీదే. ఆ సంగతి రాజేశం గారు పటం మీద చూపించేదాకా మాలో ఎవరికీ తట్టలేదు. లచ్చయ్యకు మాత్రం చోటు చూపించినప్పుడే తెలుసు. తెలిసే చూపించాడు. ఆయన నేల మీద తన చేను ఉన్నచోట ఇటుకపొడిని అరచేత్తో మెల్లగా తుడిచేశాడు. తుడిచి, ఆ ఎర్రటి చెయ్యి తొడకు రాసుకుని, "రాసుకోండ్రి" అన్నాడు. వెనక ఆడవాళ్లలోంచి ఒక ఏడుపు వినపడింది. ఆయన భార్యది.

సుబ్బారావు గారు లేచి ఆయన పక్కకు వెళ్లి కూర్చున్నారు. "పటేలా, హద్దు దాటగానే వాగు పక్కన నాది రెండెకరాల చెక్కుంది. ఏమీ వేయలేదు. అక్కడ మీ జొన్న విత్తుకో. నీళ్లు నా దాకా వచ్చినా రాకపోయినా అది నీదే అనుకో."

లచ్చయ్య ఆయన్ని చాలాసేపు చూసి, "అవ్" అన్నాడు. ఆ ఒక్క మాటే.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రెండు అడ్డుకట్టలూ ఆ మరుసటి ఎండాకాలానికి లేచాయి. కొత్తపాలెం చేతిపంపు ఆ ఏడు ఎండిపోకుండా నిలిచిందని అనసూయమ్మ గారు కబురు పంపారు. బోర్లు బతకలేదు. పటం గీసేటప్పుడు అవతలి ఒడ్డున ఉన్న గింజలకు ఏ గుర్తు వాడాలో నాకు చాలాసేపు తోచలేదు. గుర్తుల పట్టికలో శ్మశానానికి ఒక గుర్తుంది, శిథిలాలకు ఒకటుంది. రెండూ వేసి చూసి తుడిచేశాను. చివరికి ముప్పై ఒక ఇళ్లకు వేసిన చతురస్రాలే వాటికీ వేశాను. పై ఆఫీసులో ఈ ఇళ్లవాళ్ల పేర్లు ఏవీ అని అడిగితే, ఉన్నాయి, మనకు తెలియవు అని రాజేశం గారు చెప్పారట.

తిరుగు దారి

ఐదో రోజు పొద్దున సామాను జీపులో పెడుతుంటే ఊరు ఖాళీ అయిపోయింది. ఒక్క పిలుపు లేదు, పరుగు లేదు. అందరూ పని మధ్యలో వదిలేసి వాగు వైపు నడిచారు. సంతకాల కాగితాల కోసం వచ్చిన సుబ్బారావు గారు, రాజేశం గారు, నేను వాళ్ల వెనకే వెళ్లాం. యాకూబ్ ఈసారీ బండి దిగలేదు.

మా నెత్తిన మబ్బు లేదు. ఉత్తరాన కొండల మీద మాత్రం నల్లగా ఉంది. జనం రెండు గట్ల మీదా నిలబడి మలుపు వైపు చూస్తున్నారు. ముందు వాసన వచ్చింది, తడిమట్టిదీ కుళ్లిన ఆకులదీ. తర్వాత మలుపు తిరిగి వాగు వచ్చింది.

వాగు రావడం నేనెప్పుడూ చూడలేదు. మా కాలవల్లో నీళ్లు పెరుగుతాయి, తగ్గుతాయి. ఇది నడిచి వచ్చింది. జానెడు ఎత్తు నురగ, దాని ముందు ఎండుటాకులు, పుల్లలు, ప్రాణంతో ఉన్న ఒక పాము. మనిషి నడిచినంత వేగం, చప్పుడు లేదు. తెల్లటి ఇసుకను నాలుకతో తడుముకుంటూ ఒక జంతువు వస్తున్నట్టుంది. నీళ్ల తల తమ ముందుకు రాగానే ఒక్కొక్కరూ గట్టు మీద దాని పక్కన నడవడం మొదలుపెట్టారు. ముత్తమ్మవ్వ, లచ్చయ్య, ఆయన భార్య, తర్వాత అందరూ. కొత్తగా ఇంటికి వచ్చే మనిషిని తోడ్కొని వెళ్తున్నట్టు నడిచారు. మేమూ నడిచాం.

గట్లు దగ్గరికొచ్చే చోటికి కాస్త ముందు అందరూ ఆగారు. ఆగి వాగుకు వీపు తిప్పి నిలబడ్డారు. అవ్వ నా భుజం పట్టి తిప్పింది.

"సూడొద్దు. ఆళ్లు దిగుతరు."

నా పక్కన సుబ్బారావు గారు కళ్లు మూసుకుని చేతులు కట్టుకున్నారు. నా ముందు ఒక పాలచెట్టు బెరడుంది, దాన్నే చూస్తూ నిలబడ్డాను. వెనక ఏ చప్పుడూ లేదు. ఎంతసేపో చెప్పలేను. చెమట మెడ మీద నుంచి నడుం దాకా జారడం తెలిసింది. ఒకసారి తిరుగుదామనిపించింది. తిరగలేదు. ధైర్యం కాదు, మర్యాద.

"ఇగ పోదం" అంది అవ్వ.

తిరిగి చూస్తే నీళ్ల తల గూళ్లను దాటి హద్దు వైపు వెళ్లిపోతోంది. సుబ్బారావు గారు చెప్పులు చేత పట్టుకుని, అంత వయసులో, ఊళ్లోవాళ్లకు చెప్పడానికి దానికంటే ముందు పరిగెత్తారు. ఆ పరుగు చూసి అంతమందీ నవ్వారు. నాలుగు రోజుల్లో నేను ఆ ఊళ్లో విన్న మొదటి నవ్వు అది.

మేం జీపెక్కాం. హద్దురాయి దాటాక నేను రాజేశం గారిని అడిగాను. అందరం వీపు తిప్పినప్పుడు ఆయన తల కొంచెం పక్కకు వాలడం నేను చూశాను.

"మీరు చూశారు కదూ?"

ఆయన వెనక్కి తిరిగి అడవి వైపు చూశారు.

"నీళ్లు ఆగినయ్ మేడం" అన్నారు. "నడుసుకుంట వచ్చి, ఆడ ఆగినయ్. మళ్లా కదిలినయ్."

ఆ గట్ల దగ్గర వాగు వాలు ఎంతో మూడో రోజు కొలిచి నా చేత రాయించింది ఆయనే. అంత వాలున్న నేల మీద నీళ్లు ఆగవు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.